వీధి తేరుకోవడానికి నగరం ఇచ్చే డబ్బు

అందరికీ నమస్కారం. ఈ హాల్లో గ్రాంట్లు ఇచ్చేవాళ్లూ ఉన్నారు, తీసుకునేవాళ్లూ ఉన్నారు. ఇద్దరికీ కాస్త ఇబ్బంది కలిగించే మాట చెప్పబోతున్నాను. మానసిక ఆరోగ్యానికి నగరం ఎంత డబ్బు ఇచ్చిందని అందరూ అడుగుతారు. ఏ షరతుల మీద ఇచ్చిందో ఎవరూ అడగరు. పని నిలబడేదీ చెడేదీ అక్కడే.

ముందు అమెరికాలోని బాల్టిమోర్ నగరం సంగతి. 2015 ఏప్రిల్‌లో ఫ్రెడ్డీ గ్రే అనే పాతికేళ్ల నల్లజాతి యువకుడు పోలీసు కస్టడీలో తగిలిన గాయాలతో చనిపోయాడు. నగరం అట్టుడికిపోయింది. మరుసటి ఏడాది, మానసిక ఆరోగ్య సేవలు చూసే అమెరికా ఫెడరల్ సంస్థ శామ్సా, ఇలాంటి అల్లర్లు చూసిన నగరాల కోసం రీకాస్ట్ అనే గ్రాంటు మొదలుపెట్టింది. బాల్టిమోర్‌కూ అందింది. 2019లో అక్కడి ఒక హైస్కూల్లో కాల్పులు జరిగాక విద్యార్థులే నగర కౌన్సిల్ ముందుకు వచ్చి తమ బాధ చెప్పుకున్నారు. 2020లో, ఆ నగరానికి చెందిన దివంగత పార్లమెంటు సభ్యుడు ఎలైజా కమింగ్స్ పేరుతో హీలింగ్ సిటీ చట్టం వచ్చింది. ట్రామా, అంటే ఘోరం మనసుకు చేసే గాయం, మనిషిని ఎలా మారుస్తుందో నగర సిబ్బందికి నేర్పించాలంటుంది ఆ చట్టం. ఆ శిక్షణ డాక్టర్లకే పరిమితం కాకపోవడం నాకు నచ్చింది. బాధలో ఉన్న మనిషి సైకాలజిస్టు దగ్గరికి వెళ్లేలోపు ఎన్ని కౌంటర్ల ముందు నిలబడతాడో మనకు తెలియనిది కాదు.

ఇక ఫిలడెల్ఫియా. అక్కడ పరిశోధకులు 541 ఖాళీ స్థలాలు తీసుకున్నారు. కొన్నింట్లో చెత్త తీసి, గడ్డి వేసి, నాలుగు చెట్లు నాటి, చిన్న చెక్క కంచె కట్టారు. కొన్నింట్లో చెత్త మాత్రమే తీశారు. మిగతావాటిని అలాగే వదిలేశారు. 2018లో ఫలితాలు వచ్చాయి. పచ్చబడిన స్థలాల దగ్గర ఉండేవాళ్లలో, దిగులుగా ఉందని చెప్పేవాళ్లు ఏమీ చేయని చోట్లతో పోలిస్తే 41.5 శాతం తగ్గారు. చెత్త మాత్రమే తీసిన చోట చెప్పుకోదగ్గ మార్పు లేదు. మరి ఇది ఏ శాఖ బడ్జెట్? ఆరోగ్యమా, పార్కులా? చాలా నగరాల్లో ఇలాంటి దరఖాస్తు ఈ ప్రశ్న దగ్గరే ఆగిపోతుంది.

జింబాబ్వే రాజధాని హరారేలో డాక్టర్ డిక్సన్ చిబాండా 2006లో 14 మంది నానమ్మలతో ఫ్రెండ్‌షిప్ బెంచ్ మొదలుపెట్టారు. వాళ్లు ఆరోగ్య కేంద్రాల్లో అప్పటికే పనిచేస్తున్న కార్యకర్తలు. క్లినిక్ ఆవరణలో బెంచీ మీద కూర్చుని, వచ్చినవాళ్ల సమస్యల్లోంచి ఒకదాన్ని ఎంచుకుని, దాన్ని ఎలా పరిష్కరించుకోవచ్చో కలిసి ఆలోచిస్తారు. 2016లో వచ్చిన అధ్యయనంలో, ఆరు నెలల తర్వాత డిప్రెషన్ లక్షణాలు మామూలు చికిత్స పొందినవాళ్లలో సగం మందిలో కనిపించాయి, బెంచీ దగ్గరికి వచ్చినవాళ్లలో సుమారు 14 శాతం మందిలోనే. ఈ కథ విన్నవాళ్లంతా బెంచీని గుర్తుపెట్టుకుంటారు. నేనైతే ఆ నానమ్మలు తర్వాతి వారం కూడా అక్కడే ఉన్నారన్నది గుర్తుపెట్టుకుంటాను.

డబ్బు పెట్టకూడనిది కూడా ఒకటి ఉంది. ఘోరం జరిగిన కొద్ది రోజులకే బాధితుల్ని కూర్చోబెట్టి, ఏం చూశారో, ఏమనిపించిందో ఒకే సెషన్‌లో చెప్పించేసి పంపించే డీబ్రీఫింగ్. అది పీటీఎస్‌డీని, అంటే ఘోరం తర్వాత మనసును వదలకుండా వేధించే రుగ్మతను, ఆపుతుందనడానికి ఆధారం లేదనీ, కొందరికి హాని కూడా చేయవచ్చనీ, వైద్య అధ్యయనాలన్నీ కలిపి చూసే కాక్రేన్ సంస్థ 2002 నాటి సమీక్ష తేల్చింది. అయినా ఇప్పటికీ అడుగుతూనే ఉంటారు. ఎందుకంటే రిపోర్టులో రాయడం తేలిక: ఇన్ని సెషన్లు, ఇంతమంది హాజరు, ఇవిగో ఫొటోలు.

ఇప్పుడు షరతుల సంగతికి వస్తాను. ముందు మీరు ఖర్చు పెట్టండి, బిల్లులు చూపిస్తే తర్వాత ఇస్తాం అనే పద్ధతి పెద్ద సంస్థలకు నడుస్తుంది. వీధిలో పేరున్న చిన్న సంస్థకు మూడు నెలల జీతాలు ముందుగా సర్దే స్తోమత ఎక్కడిది? అలా డబ్బు ఆ వీధి ఎరగని సంస్థకు పోతుంది. ఆ తర్వాత, ఎవరూ రావడం లేదేమిటని మనమే ఆశ్చర్యపోతాం.

రెండోది గడువు. ఏడాది గ్రాంటులో మొదటి కొన్ని నెలలు ఉద్యోగుల్ని తీసుకోవడానికే పోతాయి. చివరి నెలల్లో ఆ ఉద్యోగులే వేరే పని వెతుక్కుంటూ ఉంటారు. మధ్యలో ఒక పిల్లవాడు నోరు విప్పుతాడు, అంతలో వినేవాళ్లు వెళ్లిపోతారు. వాడికి ముందే మనుషుల్ని పోగొట్టుకున్న అనుభవం ఉంది. మనం ఇంకొకటి కలిపాం. ఇది నిర్వహణ లోపం కాదు, హాని అనే అంటాను.

అందుకే కనీసం మూడేళ్లు ఇవ్వండి, అందులో కొంత అడ్వాన్సుగా ఇవ్వండి. ఎంపిక కమిటీలో ఆ వీధివాళ్లను కూర్చోబెడితే వాళ్ల సమయానికి కూడా డబ్బు కట్టండి. పక్కన కూర్చున్న కన్సల్టెంటుకు కడుతున్నారుగా. హాజరు లెక్కతో పాటు, మొదటిసారి వచ్చినవాళ్లలో ఎంతమంది మళ్లీ వచ్చారో అడగండి. గ్రాంటు చివరి ఆరు నెలల్లో, సాయం కోసం వస్తున్న మనుషుల్ని ఎవరికి అప్పగిస్తారో దరఖాస్తులోనే రాయించుకుని, ఆ పని చేసే ఉద్యోగుల జీతాలు మొదటి రోజే విడిగా పక్కన పెట్టండి.

ఇక ప్రశ్నలుంటే అడగండి. అకౌంట్స్ విభాగం వాళ్లు ముందు అడిగితే ఇంకా సంతోషం.