పొగ వేడిని ఎలా చదవాలి

ఉప్పుడు బియ్యం మిల్లుల్లో బాయిలర్ల దగ్గర పనిచేస్తున్న అందరికీ నమస్కారం.

చిమ్నీకి వెళ్లే పొగ ఎంత వేడిగా ఉందో చూపే మీటరు గురించే ఈరోజు మాట్లాడతాను. గంటగంటకూ ఆ అంకెను లాగ్‌బుక్‌లో రాస్తాం, కానీ వెనక్కి తిప్పి చదవం. పొగ వేడి 22 డిగ్రీలు పెరిగితే బాయిలర్ సామర్థ్యం సుమారు 1 శాతం పడిపోతుంది. ఆ మేరకు ఊక ఎక్కువ కాలుతుంది.

ముందు ఎంత ఉండాలో తెలియాలి. చదరపు సెంటీమీటరుకు 10 కిలోల ప్రెషర్ దగ్గర ఆవిరి వేడి దాదాపు 184 డిగ్రీలు. పొగ వేడితో ఫీడ్ నీళ్లను కాచే ఎకనమైజర్ గానీ, గాలిని కాచే ఎయిర్ ప్రీహీటర్ గానీ లేకపోతే, ట్యూబులు శుభ్రంగా ఉన్నా పొగ అంతకంటే 40 నుంచి 60 డిగ్రీలు ఎక్కువగానే ఉంటుంది. ట్యూబులు శుభ్రం చేసిన మర్నాడు ఫుల్ లోడ్‌లో వచ్చిన అంకెను గోడమీద రాసిపెట్టుకోండి. తర్వాత ఏ రోజు పోల్చినా దానితోనే, అదీ అదే లోడ్ మీద పోల్చాలి. లోడ్ పెరిగినప్పుడు పొగ వేడి పెరగడం మామూలే.

వారాల తరబడి మెల్లగా పెరుగుతుంటే ట్యూబులకు ఏదో పట్టిందని అర్థం. పొగ వైపు బూడిద, మసి కావచ్చు, నీటి వైపు స్కేల్, అంటే నీళ్లలోని లవణాలు గట్టిపడిన పొర కావచ్చు. మీటరులో రెండూ ఒకేలా కనిపిస్తాయి. బ్రష్ కొట్టించి చూడండి. వేడి దిగితే బూడిదే. దిగకపోతే వెంటనే సాఫ్ట్‌నర్ (నీటి కాఠిన్యం తగ్గించే యంత్రం) నుంచి వచ్చే నీటి హార్డ్‌నెస్, అంటే కాఠిన్యం పరీక్షించండి. మసితో ఊక వృథా అవుతుంది. స్కేల్‌తో ట్యూబే పోతుంది, ఎందుకంటే ఆ పొర అడ్డుపడి నీరు ఇనుమును చల్లబరచలేకపోతుంది. అది ఉబ్బి పగిలే వేళకు పక్కన డ్యూటీలో ఉండేది మీలో ఒకరు. అందుకే ఇంత నొక్కి చెబుతున్నాను.

వేడి ఒక్కసారిగా ఎగబాకితే, లోపలి ఇటుక అడ్డుగోడ కూలి పొగ అడ్డదారి పట్టిందేమో అనుమానించాలి. బ్రష్‌తో తీరేది కాదు, బాయిలర్ ఆపి లోపల చూడాల్సిందే.

వేడి తగ్గితే సంతోషించేవాళ్లు ఉన్నారు. నేనైతే అప్పుడే ఎక్కువ జాగ్రత్తపడతాను. బూడిద తలుపుల దగ్గర, డక్టు జాయింట్ల దగ్గర చల్లగాలి లోపలికి దూరితే అంకె పడిపోతుంది, నష్టం మాత్రం అలాగే ఉంటుంది. పొగలో ఆక్సిజన్, పొగను చిమ్నీకి లాగే ఐడీ ఫ్యాన్ ఆంపియర్లు రెండూ పెరిగాయేమో చూడండి. ఎకనమైజర్ ట్యూబు కారినా వేడి తగ్గుతుంది, అప్పుడు ఫీడ్ నీళ్ల వాడకం పెరుగుతుంది. బొగ్గు, ఫర్నేస్ ఆయిల్ కాల్చేచోట గంధకం కూడా ఉంటుంది. పొగ మరీ చల్లబడితే ఆమ్లం చెమ్మగా పట్టి ఇనుమును తినేస్తుంది.

ఇవన్నీ నమ్మాలంటే పొగ వేడిని కొలిచే సెన్సరు, అంటే థర్మోకపుల్ సరిగ్గా ఉండాలి. దాని కొన డక్టు మధ్యదాకా వెళ్లాలి, గోడ దగ్గరే ఆగితే తక్కువ చూపిస్తుంది. తొడుగు మీద బూడిద పేరుకుంటే అంకె ఆలస్యంగా కదులుతుంది. కే టైపు (థర్మోకపుల్‌లో ఒక రకం) సెన్సరుకు దానికోసమే చేసిన కాంపెన్సేటింగ్ కేబులే వేయండి. తెగినచోట మామూలు రాగి తీగతో అతుకు వేయించకండి.