బాయిల్ నియమం చెవిలో దూరిన రోజు
(గ్రంథాలయ వారోత్సవాల్లో భాగంగా కావలిలో ఒక సైన్స్ టీచర్ చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

లైబ్రరీలో మాట్లాడమంటే పుస్తకాల గురించే మాట్లాడాలి. కానీ లైబ్రేరియన్ గారు "మేడమ్, పుస్తకాల గురించి నిన్ననే ముగ్గురు చెప్పేశారు, మీరు ఆ సముద్రంలో దూకిన సంగతి చెప్పండి" అన్నారు. నేను దూకలేదండీ. మన తుమ్మలపెంటలో కార్తీక స్నానానికి దిగినట్టు ఒడ్డు నుంచి మెల్లగా నడుచుకుంటూ దిగాను. కాకపోతే వీపున గాలి సిలిండర్ ఉంది. అలా సిలిండర్ గాలి పీలుస్తూ నీళ్లలో మునిగి తిరగడాన్నే స్కూబా డైవింగ్ అంటారు.

నేను ఫిజికల్ సైన్స్ టీచర్ని. మా బడిలో సగం మంది పట్టపుపాళెం పిల్లలు. వాళ్ల నాన్నలు సముద్రంలో చేపల వేటకు వెళ్తారు. నేను మాత్రం 45 ఏళ్లు వచ్చేదాకా సముద్రంలో మోకాలి లోతు దాటి ఎరగను. 2004 డిసెంబర్ 26 సునామీ తర్వాత మా అమ్మయితే ఆ మోకాలి లోతుకు కూడా ఒప్పుకోలేదు. ఒడ్డున పుట్టి పెరిగినవాళ్లం, సముద్రమంటే మనకు తెలిసింది పైన కనిపించే అల, బుట్టలోకి వచ్చే చేప. ఆ రెంటికీ మధ్య ఏముందో చూసింది లేదు.

తుమ్మలపెంట ఒడ్డున నిలబడి తూర్పు వైపు, కాస్త కుడిచేతి పక్కకు చూడండి. సుమారు 1,400 కిలోమీటర్ల అవతల, ఇదే బంగాళాఖాతం అవతలి అంచున, అండమాన్ దీవుల్లో, హేవ్‌లాక్ అనే దీవి ఉంది. 2018లో దానికి స్వరాజ్ ద్వీప్ అని పేరు పెట్టారు. అక్కడివాళ్లు ఇంకా హేవ్‌లాక్ అనే అంటారు కాబట్టి నేనూ అదే అంటాను. సంక్రాంతి సెలవుల్లో మా హిందీ టీచర్, నేను కలిసి వెళ్లాం. మా ఆయన్ను పిలిస్తే "నువ్వు నీళ్లలో దిగుతుంటే నేను ఒడ్డున టెన్షన్ పడటమెందుకు, ఆ టెన్షన్ ఏదో ఇంట్లోనే పడతా" అన్నాడు. సూట్‌కేసు లేదు. మా వాడి ఇంటర్ కాలేజీ బ్యాగులో నాలుగు జతల బట్టలు, వేరుశెనగ పొడి, ఒక చిన్న పచ్చడి సీసా. తిరగడానికి వెళ్లేటప్పుడు మన వీపు మోయగలిగినంతే సర్దుకోవాలి. మూడో రోజుకి నాకు ఆ నాలుగు జతలు కూడా ఎక్కువే అనిపించాయి.

చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు విమానంలో రెండు గంటల పైచిలుకు. ఓడలో అయితే సుమారు మూడు రోజులు. తక్కువ ఖర్చులో బంక్ క్లాస్ దొరుకుతుంది గానీ ఓడ ఏ రోజు బయలుదేరుతుందో ముందుగా పక్కాగా తెలియదు. సెలవులు లెక్కపెట్టుకుని వెళ్లే నాలాంటివాళ్లకు అది కుదరదు. 2024 సెప్టెంబర్‌లో పోర్ట్ బ్లెయిర్ పేరు కూడా శ్రీ విజయపురం అయింది. ఎయిర్‌పోర్టు బయట నేను నోటికొచ్చిన హిందీలో ఆటో బేరమాడుతుంటే డ్రైవర్ నవ్వి "ఎక్కడ్నుంచొచ్చారేటి?" అన్నాడు. శ్రీకాకుళం వాళ్ల కుటుంబమట, తాత కాలంలో వచ్చారట. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల్లో దాదాపు 13 శాతం మందికి మాతృభాష తెలుగు. మా హిందీ టీచర్ మొహం చూడాలి, ఆవిడ హిందీకి పనే లేకుండా పోయింది.

మరుసటి రోజు పొద్దున్నే ప్రభుత్వ ఫెర్రీలో హేవ్‌లాక్. అక్కడ బీచీలకు నంబర్లు ఉంటాయి, మన వీధులకు ఉన్నట్టు. ఏడో నంబర్ రాధానగర్. ఇసక తెల్లగా ఉంటుంది, నీళ్లు నీలంగా ఉంటాయి, ఫోటోల్లో మీరందరూ చూసే ఉంటారు. ఒక్క మాట మాత్రం చెప్తాను. జనవరిలో అక్కడ సాయంత్రం ఐదుంబావుకల్లా పొద్దు గూకుతుంది. మనకూ వాళ్లకూ రేఖాంశంలో సుమారు 13 డిగ్రీల తేడా. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున 52 నిమిషాలు. గడియారం మాత్రం అందరికీ ఒకటే. టీ తాగి తీరిగ్గా బయలుదేరామంటే బీచీకి చేరేసరికి చీకటే. మాకు మొదటి రోజు అదే జరిగింది.

ఇక అసలు సంగతి.

ఈత రాకపోయినా మొదటిసారి స్కూబా చేయొచ్చు. ఇన్‌స్ట్రక్టర్ మన వెనకే ఉండి పట్టుకుని తిప్పుతాడు. ముందు ఒక కాగితం ఇస్తారు. ఆస్తమా, గుండె జబ్బు, చెవి ఆపరేషన్, గర్భం ఉన్నాయా అని అడుగుతారు. అక్కడ అబద్ధం రాయకండి. జలుబు ఉన్నా సరే, ఆ రోజుకు మానుకోండి. తర్వాత నడుము లోతు నీళ్లలో మూడు, నాలుగు పనులు నేర్పుతారు. నోటితో గాలి పీల్చడం, మాస్కులోకి నీళ్లొస్తే ముక్కుతో ఊది బయటికి పంపడం, చెవులు తేలిక చేసుకోవడం, చేతి సైగలు. సైగల్లో తిరకాసు ఉంది. బొటనవేలు పైకెత్తితే మన దగ్గర బాగుందని అర్థం. అక్కడ "పైకి తీసుకుపో" అని. చూపుడు వేలు, బొటనవేలు కలిపి సున్నా చుడితే బాగుందని. సంతోషం పట్టలేక నేను బొటనవేలు ఎత్తాను. వెంటనే పైకి లాక్కొచ్చేశారు!

నిజం చెప్పాలంటే మొదటి ప్రయత్నంలో రెండు మీటర్ల లోతులోనే భయపడిపోయాను. మాస్కులో కొంచెం నీళ్లు చేరాయి. పైకి వచ్చేసి "నా వల్ల కాదు" అన్నాను. ఆ ఇన్‌స్ట్రక్టర్‌ది మా అబ్బాయి కంటే నాలుగైదేళ్లు ఎక్కువ వయసు ఉంటుందేమో. "అమ్మా, చేపల్ని మర్చిపోండి. ఊపిరి వదిలేటప్పుడు బుడగల చప్పుడు వస్తుంది, అది మాత్రం వినండి" అన్నాడు. విన్నాను. గుడగుడమని చప్పుడు, కాసేపు నిశ్శబ్దం, మళ్లీ గుడగుడ. రెండు నిమిషాల్లో గుండె దడ తగ్గింది.

మూడు మీటర్ల దగ్గర చెవుల్లో నొప్పి మొదలైంది. ఇరవై ఏళ్లుగా బోర్డు మీద రాస్తున్న బాయిల్ నియమం నా చెవిలో దూరిందని అప్పుడు అర్థమైంది. పీడనం పెరిగితే వాయువు ఘనపరిమాణం తగ్గుతుంది. నీళ్లలో ప్రతి 10 మీటర్లకు ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. పైన ఒకటి, 10 మీటర్ల దగ్గర రెండు, 20 దగ్గర మూడు. అంటే మొదటి 10 మీటర్లలోనే గాలి సగానికి నలుగుతుంది, తర్వాతి 10 మీటర్లలో సగం నుంచి మూడో వంతుకు. అందుకే చెవులను ఎక్కువ ఏడిపించేది పై పైన ఉన్న నీళ్లే. ముక్కు మూసుకుని మెల్లగా ఊదితే గొంతు వెనక నుంచి చెవిలోకి గాలి వెళ్లి నొప్పి పోతుంది. నొప్పి పుట్టాక కాదు, పుట్టకముందే ఊదాలి.

ఇదే నియమం తిరగేస్తే ప్రాణం మీదికి వస్తుంది. 10 మీటర్ల లోతులో నిండా పీల్చిన గాలిని అలాగే బిగబట్టి పైకి వస్తే అది రెండింతలు కావాలని చూస్తుంది. ఊపిరితిత్తులు బెలూన్లు కావు, చిరిగిపోతాయి. స్కూబాలో మొట్టమొదటి సూత్రం, ఊపిరి ఎప్పుడూ బిగబట్టకూడదు. మునిగేటప్పుడు ఊపిరి బిగబట్టమని చెప్పే ఊళ్లో పెరిగినదాన్ని, ఇది వంటబట్టడానికి నాకు టైమ్ పట్టింది.

ఇంకోటి, సిలిండర్లో ఉండేది ఆక్సిజన్ కాదు. మనం ఇప్పుడు పీలుస్తున్న మామూలు గాలే, కుదించి నింపుతారు. ఒక బార్ అంటే దాదాపు ఒక వాతావరణ పీడనం. 12 లీటర్ల సిలిండర్లో 200 బార్ పీడనంతో అంటే 2,400 లీటర్ల గాలి. తీరిగ్గా ఈదే మనిషి నిమిషానికి 20 లీటర్లు పీలుస్తాడనుకుందాం. 10 మీటర్ల లోతులో అది రెట్టింపు, 40 లీటర్లు. లెక్క కట్టండి పిల్లలూ, ఎన్ని నిమిషాలు? అవును, గంట. అందులోనూ కొంత మిగుల్చుకుని పైకి రావాలి. కంగారు పడేవాళ్లకు అరగంటలో అయిపోతుంది.

గాలిలో ఎక్కువ భాగం నైట్రోజన్ కదా. లోతులో పీడనానికి అది రక్తంలో, కండరాల్లో కరుగుతుంది. మెల్లగా పైకి వస్తే మెల్లగా బయటికి పోతుంది. గబగబా వస్తే? గోలీ సోడా కొట్టినప్పుడు బుస్సుమని బుడగలు వస్తాయే, ఒంట్లోనూ అంతే. అందుకే పైకి వచ్చేటప్పుడు 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగుతారు. విమానంలో కూడా పీడనం తక్కువ కాబట్టి ఒక్కసారి డైవ్ చేస్తే 12 గంటలు, చాలాసార్లు చేస్తే 18 గంటలు విమానం ఎక్కకూడదు. మాకు టికెట్లు బుక్ చేసిన ఏజెంటు ఈ సంగతి తెలియక, పొద్దున డైవ్, సాయంత్రం విమానం పెట్టాడు. టికెట్ మార్చుకోవడానికి అయిన డబ్బు గుర్తొస్తే ఇప్పటికీ కడుపు మండుతుంది. డైవింగ్ ముందు రోజుల్లో పెట్టుకోండి, ఆఖరి రోజు ఒడ్డునే తిరగండి.

మరి లోపల ఏముందంటారా? నా చేతికి జొన్నవాడ కామాక్షమ్మ గుడిలో కట్టిన ఎర్ర దారం ఉంది. రెండోసారి వెళ్లినప్పుడు 12 మీటర్ల లోతులో చూస్తే అది బూడిద రంగులో ఉంది. నీళ్లు ఎరుపు రంగును ముందు మింగేస్తాయి. టార్చి వేస్తే మళ్లీ ఎర్రగా కనిపించింది. వస్తువులు మూడో వంతు పెద్దగా కనిపిస్తాయి కాబట్టి, తిరిగొచ్చి ఇంత చేప అని చెయ్యి చాపి చెప్పేవాళ్లను పూర్తిగా నమ్మకండి, నన్ను కూడా. అక్కడ చెరకు నమిలినట్టు కరకరమని చప్పుడు వినపడుతుంది. ఎటు నుంచో తెలియదు, నీళ్లలో శబ్దం నాలుగింతలు వేగంగా వస్తుంది కాబట్టి చెవికి దిక్కు తోచదు. చూస్తే ఒక పచ్చటి చేప. చిలక ముక్కు లాంటి నోటితో పగడపు రాయిని కొరుకుతోంది. దాన్ని చిలక చేప అంటారు. నమిలిన రాయి పొట్టలోంచి తెల్లటి ఇసకై బయటికి వస్తుంది. రాధానగర్‌లో జనం పడుకుని ఫోటోలు దిగే ఆ తెల్ల ఇసకలో వీటి పుణ్యం కూడా ఉంది.

పగడమంటే గుర్తొచ్చింది. మా అత్తగారు "కుజ దోషానికి ఉంగరంలోకి ఒక పగడం పట్టుకురా" అన్నారు. ఆ ఎర్ర పగడం ఎక్కువగా మధ్యధరా సముద్రం నుంచి వస్తుంది, ఇది అది కాదు. అండమాన్‌లో ఉండేవి రాతి పగడాలు. ప్రాణమున్న చిన్న చిన్న జీవులు కట్టుకున్న ఇళ్లు. వాటిని తీయడం వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. నీళ్లు మరీ వేడెక్కితే వాటిలో ఉండే నాచు బయటికి పోయి అవి తెల్లబడతాయి. అండమాన్‌లో 2010లో, 2016లో అలా జరిగింది. మన ఒడ్డు మీదికి సునామీని తెచ్చిన ఆ 2004 నాటి భూకంపానికే ఉత్తర అండమాన్ తీరం పైకి లేచి, పగడాలు ఎండలో బయటపడి చచ్చిపోయాయి. నికోబార్ కొసన ఇందిరా పాయింట్ నాలుగు మీటర్లకు పైగా కుంగింది. నేల ఒక చోట పైకి లేచింది, ఇంకో చోట కుంగింది.

మన దగ్గర స్కూబా ఎందుకు లేదని పిల్లలు అడుగుతారు. పెన్న, కృష్ణ తెచ్చే ఒండ్రు, ఎప్పుడూ కదిలే ఇసక. పగడానికి వెలుతురు కావాలి, తేట నీళ్లు కావాలి. మన దగ్గర చెయ్యి చాపితే వేళ్లు కనపడవు. అయితే ఆ బురద నీళ్లలోనే మన రొయ్యలూ చేపలూ బతుకుతున్నాయి. చేపల పులుసులో మామిడికాయ వేసుకుని తినేవాళ్లం బురదను తిట్టకూడదు. దగ్గర్లో చూడాలంటే పుదుచ్చేరి ఉంది, విశాఖలో రుషికొండ ఉంది.

స్కూబాకు వెళ్తానంటే "ప్రాణాల మీద ఆశ లేదా" అన్నవాళ్లే కార్తీక మాసంలో పిల్లల్ని తీసుకుని అలల్లోకి దిగుతారు. నా లెక్కలో అదే ఎక్కువ ప్రమాదం. మన ఒడ్డున అల వెనక్కి పోయేటప్పుడు ఒక్కోచోట నీళ్లు వాగులా లోపలికి లాగుతాయి. ఎప్పుడైనా అందులో చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదకండి, అలిసిపోతారు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తగ్గాక బయటికి రండి.

తిరిగొచ్చాక ఫోన్లో వీడియోలు క్లాసులో చూపించాను. తొమ్మిదో తరగతి పిల్లోడొకడు, వాళ్ల నాన్న వేటకు పోతాడు, అంతా చూసి "టీచర్, వల వచ్చేటప్పుడు లోపల చేపలు ఎట్ట తిరుగుతాయి? మా నాయన కూడా ఎప్పుడూ చూళ్లేదంట" అని అడిగాడు. నాకూ తెలియదు. అలా అడిగినవాళ్ల కోసమే ఇవాళ ఒక మాస్కు, ఒక స్నార్కెల్ గొట్టం పట్టుకొచ్చాను. అటెండర్ గారు ఆ మూల బకెట్‌లో నీళ్లు పట్టి పెట్టారు. మొహం ముంచి, నోటితో ఊపిరి తీయాలి, అంతే. మాస్కు మసకబారకుండా లోపల కాస్త ఉమ్మి రుద్దుకోవాలి. ఛీ అనకండి, అందరూ అదే చేస్తారు. ఒకరు పెట్టుకున్నాక కడిగి ఇంకొకరికి ఇస్తాను.

ఎవరొస్తారు ముందు?