కదయావన్: పండగ ముహూర్తం ఊరిది, పంట ముహూర్తం వానది

[మొదటి దృశ్యం: డవావో నగరం, మగ్‌సాయ్‌సాయ్ పార్కు పక్కన పళ్ల దుకాణాలు. డూరియన్ కుప్పలు. కత్తి పిడితో కాయ మీద తడుతున్న చప్పుడు.]

వాయిస్:
ఫిలిప్పీన్స్‌లో దక్షిణాన మిందనావో ద్వీపం. ఆ ద్వీపంలో పెద్ద నగరం డవావో. అక్కడ మెడిసిన్ చదివే మన తెలుగు పిల్లలు చాలామందే ఉన్నారు. పిల్లల్ని చూడ్డానికి వెళ్లే తల్లిదండ్రులు ఎక్కువగా అడిగే ప్రశ్న: "ఆగస్టులో కదయావన్ పండగంట కదా, పళ్లు కారుచౌకగా దొరుకుతాయా?"

కొన్నేళ్లు దొరుకుతాయి. కొన్నేళ్లు వీధుల్లో పండగ హోరెత్తిపోతుంటుంది, తోటలో కాయ మాత్రం ఇంకా ముదరదు. ఆగస్టు మూడో వారం అని పండగ తేదీని నగరం ముందే రాసిపెట్టుకుంది. ఇక్కడి ముళ్ల పండు డూరియన్ కాసే చెట్టు ఆ క్యాలెండర్ చూడదు.

[తెరపై: డూరియన్ కొమ్మ దగ్గరగా. లావుపాటి కొమ్మ నుంచే గుత్తులుగా వేలాడుతున్న మొగ్గలు.]

ముందు చెట్టు సంగతి. డూరియన్‌ని చూడగానే పనసకి చుట్టం అనుకుంటాం. కానే కాదు. ఇది పత్తి, బెండ, గోంగూరల కుటుంబం. పూత రావాలంటే వరసగా రెండు మూడు వారాలు వాన పడకూడదు. మన బత్తాయి రైతులు నీళ్లు ఆపి తోటను బెట్టకు వదిలినట్టే, ఇక్కడ ఆ పని ఆకాశం చెయ్యాలి. చిక్కేమిటంటే డవావోలో విడిగా ఎండాకాలం అంటూ లేదు. ఏడాది పొడుగునా వాన కొంచెం కొంచెంగా పడుతూనే ఉంటుంది. మార్చి ప్రాంతంలో ఆ కాస్త బెట్ట దొరికితే ఏప్రిల్లో పూత. పూత నుంచి కాయ ముదరడానికి రకాన్ని బట్టి సుమారు 100 నుంచి 130 రోజులు. లెక్క వెనక్కి వేసుకోండి: ఆగస్టు 20కి కాయ చేతికి రావాలంటే ఏప్రిల్ రెండో వారానికీ మే రెండో వారానికీ మధ్య పువ్వు విచ్చుకోవాలి. బెట్ట నెల ఆలస్యమైతే కోత సెప్టెంబరు, అక్టోబరుకి జరిగిపోతుంది.

పూత వచ్చినంత మాత్రాన పని అయిపోదు. ఈ పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది, తెల్లారేసరికి రేకులు, కేసరాలు రాలిపోతాయి. పరాగ సంపర్కం ఆ ఒక్క రాత్రిలోనే, అదీ ఎక్కువగా గబ్బిలాల వల్ల. డవావోకి ఎదురుగా, సముద్రానికి అవతల, సమాల్ ద్వీపం ఉంది. అక్కడి మోన్‌ఫోర్ట్ గుహలో లక్షల సంఖ్యలో పళ్లు తినే గబ్బిలాలు ఉంటాయి. ఆ జాతిలో ప్రపంచంలోనే పెద్ద గుంపుగా 2010లో గిన్నిస్ రికార్డుకెక్కింది. పువ్వు విచ్చుకున్న రాత్రుల్లో జోరువాన పడితే గబ్బిలం రాదు, పువ్వు తడిసి రాలుతుంది. ఎల్ నినో ఏడు బెట్ట మరీ ముదిరితే పిందె రాలుతుంది. రెండు వైపులా గండమే.

[తెరపై: పాత డవావో వీధుల చిత్రాలు. ఆ తర్వాత అపో పర్వతం.]

ఇక పండగ. ఇది అనాదిగా ఇదే రూపంలో వస్తోందని ట్రావెల్ వీడియోల్లో చెబుతుంటారు. నిజానికి ఈ రూపం 1986 నాటిది. దేశాధ్యక్షుడు మార్కోస్ ప్రభుత్వం పడిపోయిన ఏడాది అది. అశాంతితో నలిగిన నగరాన్ని ఒక్కచోటికి చేర్చడానికి "అపో దువాలింగ్" పేరుతో ఉత్సవం మొదలుపెట్టారు. ఆ పేరులో మూడు ముక్కలున్నాయి: దేశంలోకెల్లా ఎత్తయిన 2,954 మీటర్ల అపో పర్వతం, డూరియన్, వాలింగ్-వాలింగ్ అనే ఆర్కిడ్. 1988లో, రోడ్రిగో దుతెర్తె మేయరుగా ఉన్నప్పుడు, దాన్నే కదయావన్ అన్నారు.

అలాగని దీన్ని కల్పిత పండగ అని కొట్టిపారేయడమూ సరికాదు. పంట ఇంటికొచ్చాక సృష్టికర్త మనామాకి కృతజ్ఞత చెప్పుకునే ఆచారం అపో పర్వతం చుట్టూ ఉన్న బగోబో తెగలవాళ్లకు ఎప్పటినుంచో ఉంది. నగరం ఆ ఆచారాన్ని తెచ్చి వీధిలో పెట్టింది. ఏది కొండ మీది ఆచారం, ఏది నగరం అల్లిన ప్రదర్శన అన్నది తెలిసి చూస్తే ఈ పండగ రెట్టింపు బాగుంటుంది.

[తెరపై: పదకొండు తెగల పేర్లు ఒక్కొక్కటిగా.]

నగరం గుర్తించిన తెగలు 11. అయిదు లుమాద్, అంటే ముస్లిమేతర మూలవాసీ, తెగలు: అటా, బగోబో-క్లాటా, బగోబో-తగబావా, మతిగ్‌సలుగ్, ఓబు మనువు. ఆరు ముస్లిం తెగలు: ఇరానున్, కాగన్, మగిందనావన్, మరనావ్, సామా, తౌసుగ్. ఒక్క పూటే సమయం ఉంటే ఊరేగింపు కన్నా ముందు మగ్‌సాయ్‌సాయ్ పార్కులో కట్టే కదయావన్ గ్రామానికి వెళ్లమనే మా సలహా. ఒక్కో తెగ తన ఇంటిని తన పద్ధతిలో అక్కడ కడుతుంది. మరనావ్ ఇంటి ముందు నిలబడి పైకి చూడండి. దూలాల కొసలు రెక్కల్లా బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి, వాటి మీద లతలు చెక్కి రంగులు వేస్తారు. ఆ కొసల్ని పనోలోంగ్ అంటారు. పూర్వం అవి ఉన్న ఇల్లంటే దొరలదే.

[తెరపై: రోట్లో అల్లం, మిరపకాయలు దంచుతున్న చేతులు.]

తిండి కూడా అక్కడే. ఫిలిప్పీన్స్ వంటల్లో కారం తక్కువ, కానీ మరనావ్‌ల వంట వేరు. సకురబ్ అనే ఉల్లికాడ, అల్లం, మిరపకాయలు కలిపి దంచిన కారాన్ని పలపా అంటారు. దాన్ని కొబ్బరి వేసి నూనెలో వేయించి అన్నంలోకి పెట్టుకుంటారు. తెలుగు నాలుకకి ఆ దుకాణం దాటి ముందుకెళ్లడం కష్టమే. తౌసుగ్‌ల నల్లటి పులుసు తియుల ఇతుమ్‌కి ఆ రంగు కాల్చిన కొబ్బరి వల్ల వస్తుంది. అందులో సాధారణంగా గొడ్డు మాంసం ఉంటుంది, తిననివాళ్లు ముందే అడగాలి.

[తెరపై: వీధి నృత్యం. ఎర్రటి తలగుడ్డ మీద కెమెరా ఆగుతుంది.]

వారాంతంలో రెండు పెద్ద ఊరేగింపులు ఉంటాయి. వీధి నృత్యాల పోటీ ఇందక్-ఇందక్, పూల శకటాల ఊరేగింపు పముళక్. సాధారణంగా మొదటిది శనివారం, రెండోది ఆదివారం. శకటాలు చూడాలంటే ఊరేగింపు మొదలయ్యే చోటే, పొద్దున్నే నిలబడండి. పూలు ముందే గుచ్చితే ఎండకి నిలవవు కాబట్టి అలంకరణ ఆఖరి గంటల దాకా సాగుతుంది. మధ్యాహ్నానికి చివరి వీధికి చేరేసరికి సగం వాడిపోయి కనిపిస్తాయి.

నృత్యాల్లో బగోబోల ముదురు ఎరుపు తలగుడ్డ, తంకులు, గమనించండి. పూర్వం శత్రువును చంపిన యోధుడు, అంటే మగాని, మాత్రమే దాన్ని కట్టుకునేవాడు. పోటీ బృందాల పిల్లలు అదే గుడ్డ తలకు చుట్టుకుని గంతులేస్తే పెద్దలకు నొప్పి కలగడంలో వింతేముంది? బహుమతుల హడావిడిలో దుస్తుల మర్యాద పోతోందన్న విమర్శ ఈ పండగ మీద ఉంది, అది న్యాయమైనదే.

పోలీసు నిబంధనలు గట్టిగా ఉంటాయి. ఊరేగింపు దారుల్లోకి పెద్ద బ్యాగులు రానివ్వరు, బహిరంగంగా పొగ తాగితే జరిమానా. బాణసంచా మీద 2002 నుంచీ నిషేధం. కాబట్టి రాత్రి టపాసుల కోసం ఎదురుచూడకండి.

[తెరపై: డూరియన్ కాయ, తొడిమ దగ్గరగా.]

ఇప్పుడు అసలు బేరం. రకాలు చాలా ఉన్నాయి కానీ మూడు పేర్లు గుర్తుపెట్టుకుంటే చాలు. పుయాత్: పెద్ద కాయ, దళసరి గుజ్జు, ఎగుమతికి ఎక్కువగా కోరేది ఇదే. అరన్సిల్యో: బాగా తీపి. నాటు కాయ: చిన్నది, గింజ పెద్దది, వాసన ఘాటు. మొదటిసారి తినేవాళ్లు నాటు కాయతో మొదలుపెట్టకపోవడం మంచిది. 2023 నుంచి డవావో తాజా డూరియన్‌కి చైనా తలుపు తెరుచుకుంది, ఆ ప్రభావం పుయాత్ ధర మీద పడుతుంది.

కాయను ఇలా చూడండి. తొడిమ పచ్చిగా, కోత తడిగా ఉంటే కొత్తగా కోసిన కాయ. ఎండి ముడుచుకుపోతే కోసి చాలా రోజులైనట్టు. కత్తి పిడితో తట్టండి: గణగణమంటే పచ్చిది, బోలుగా మందంగా పలికితే గుజ్జు తొక్కను వదిలింది. చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల తొన కదిలిన చప్పుడు రావాలి. తొక్క విచ్చుకునే గీత దగ్గర ముక్కు పెడితే వాసన తెలియాలి. ఏ వాసనా లేకుంటే లేతగా కోసేశారని అనుమానించాలి. పండగ గిరాకీ కోసం అలా తొందరపడి కోసిన కాయ ఎన్నాళ్లు ఉంచినా సరిగ్గా పండదు, తొన రబ్బరులా ఉంటుంది. ముళ్ల మధ్య చిన్న చిల్లు, పొట్టు కనిపిస్తే పురుగు. కోతకు ముందు వానలు ఎక్కువైతే తొన నీరుకారి చప్పగా ఉంటుంది, అది బయటి నుంచి తెలియదు. అందుకే చిన్న ముక్కోణం కోత పెట్టి చూపించమని అడగండి.

తూకం మొత్తం కాయకి. తినే గుజ్జు అందులో మూడో వంతు కన్నా తక్కువే. అంటే నాలుగు కిలోల కాయలో కిలో గుజ్జు చేతికొస్తే మంచి బేరం. వంద గ్రాములకి దాదాపు 147 కేలరీలు, షుగర్ ఉన్నవాళ్లు రెండు తొనలతో ఆపాలి. మద్యంతో కలిపి తినకండి, ఇందులోని గంధకపు పదార్థాలు మద్యం అరుగుదలకు అడ్డుపడతాయి.

మిగతావి త్వరగా. మాంగోస్టీన్ అడుగున ఉండే పువ్వు గుర్తులో ఎన్ని రేకులుంటే లోపల అన్ని తొనలు. నొక్కితే రాయిలా ఉన్నది, తొక్క మీద పసుపు జిగురు కారినది వద్దు. మరాంగ్ నిజంగానే పనస చుట్టం. కోసిన వెంటనే తినేయాలి, కాసేపటికే రుచి చెడుతుంది. పంపర పనస అయితే ఎన్ని రోజులైనా దిగులు లేదు.

[తెరపై: మిందనావో పటం. నాలుగు చుక్కలు వెలుగుతాయి.]

పళ్లే ముఖ్యమైతే సెప్టెంబరు మొదట్లో వెళ్లడం క్షేమం. పండగలే ముఖ్యమైతే ఆగస్టుకే అంటిపెట్టుకోనక్కర్లేదు. మార్చిలో బుకిద్నోన్ రాష్ట్రం మలయ్‌బలయ్‌లో ఏడు తెగల కాములన్ జరుగుతుంది. ఆగస్టులోనే అపో పర్వతానికి అవతలి పక్క కిదపావన్‌లో తింపుపో, అదీ పళ్ల పండగే. అక్టోబరులో కమిగిన్ ద్వీపంలో లన్సోనెస్ అనే పండు పేరిట పండగ. దానికి బలింగోవన్ రేవు నుంచి బెనోనికి ఫెర్రీ.

జులైలో కొరొనదల్‌లో జరిగే త్నాలక్ పండగ మాత్రం మన చేనేత వాళ్లు తప్పకుండా చూడదగ్గది. ఆ ఊరున్న దక్షిణ కోతబాతో రాష్ట్రం 1966 జులై 18న ఏర్పడింది, ఆ తేదీ చుట్టూనే ఈ వేడుక. త్నాలక్ అంటే లేక్ సెబు ప్రాంతపు త్‌బోలి తెగ స్త్రీలు అబాకా పీచుతో నేసే బట్ట. అబాకా అరటి జాతి మొక్క. పీచును సన్నగా చీల్చి, కొసలు ముడివేసి, పడుగు మీదే నమూనా ప్రకారం దారంతో కట్టి రంగులో ముంచుతారు. పోచంపల్లిలో చిటికి కట్టే పద్ధతే ఇది, కానీ ఇక్కడ పడుగుకే కట్టు, పేకకు లేదు. నలుపు క్నలుమ్ చెట్టు ఆకు నుంచి, ఎరుపు లోకో వేరు నుంచి, తెలుపు పీచు సహజ రంగు. నేత అయ్యాక గవ్వతో రుద్ది మెరుగు పెడతారు. నమూనాలు కలలో వస్తాయని, అబాకా ఆత్మ ఫు దాలు ఇస్తుందని నమ్మకం. బట్టను దాటకూడదు, తొక్కకూడదు. ఈ నేతకే 1998లో లాంగ్ దులాయ్‌కి దేశం అత్యున్నత జానపద కళాకారుల పురస్కారం ఇచ్చింది.

కొనేటప్పుడు చూడాల్సింది ఇది: పాత పద్ధతి బట్టలో ఆ మూడు రంగులే ఉంటాయి. ఆకుపచ్చ, నీలం కనిపిస్తే రసాయన రంగు. అది మోసం కాదు, కానీ అదే ధర ఇవ్వకండి. గట్టిగా మడిస్తే పీచు విరుగుతుంది, చుట్టగా చుట్టి సూట్‌కేసులో పెట్టుకోండి.

[తెరపై: హోటల్ తలుపు మీద డూరియన్ బొమ్మ, దాని మీద అడ్డగీత.]

తాజా డూరియన్ మాత్రం సూట్‌కేసులో పెట్టకండి. చాలా హోటళ్లు గదిలోకి రానివ్వవు, విమానంలో ఒప్పుకోరు, ఇండియాలో దిగాక మొక్కల క్వారంటైన్ వాళ్లు ఆపుతారు. ఇంటికి తేవాలనుకుంటే ఎండబెట్టిన డూరియన్ ముక్కలు, డూరియన్ మిఠాయిలు సీలు వేసిన ప్యాకెట్లలో దొరుకుతాయి. వాటిని కూడా ఇంకో కవరులో చుట్టి పెట్టండి, లేకపోతే పక్కనున్న బట్టలకి ఆ వాసన పట్టేస్తుంది.