పెరట్లోకి పిట్టలు రావాలంటే

శ్రోతలకు నమస్కారం.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను ఎన్ని పెరళ్లను బోడి చేసిందో ఒడిశాలోని మన గజపతి జిల్లా వాళ్లకు చెప్పనక్కరలేదు. పర్లాకిమిడిలో మా పెరటి పనస, రెండు మామిళ్లు వేళ్లతో సహా ఒరిగిపోయాయి. వాటితో పాటే పొద్దుటి కిచకిచలూ పోయాయి. పిట్టల్ని మళ్లీ రప్పిద్దామని రోజూ పిట్టగోడ మీద గుప్పెడు నూకలు చల్లాను. కాకులు వచ్చాయి, పావురాలు వచ్చాయి. పిట్ట మాత్రం ఆ గోడ పేరులోనే మిగిలింది.

తప్పు నాదే. గింజలు తినే పిచ్చుక కూడా కూనల నోట్లో పెట్టేది ఎక్కువగా పురుగులనే. నేనేమో ఒక చేత్తో నూకలు చల్లుతూ, రెండో చేత్తో నిమ్మచెట్టు మీది గొంగళి పురుగులకు మందు కొడుతున్నాను. మందు మానేశాక నిమ్మ ఒక ఏడాది చిక్కిపోయిన మాట నిజమే. ఆ మరుసటి ఏడాది పక్క పొదలో కుట్టుపిట్ట కాపురం పెట్టింది. ఆకు అంచులకు ముక్కుతో చిల్లులు పొడిచి, దూది పోగులతో, సాలెగూటి దారాలతో కుట్టి, ఆ సంచిలో గూడు కట్టుకుంటుంది. తేనెపిట్ట వేలాడదీసే గూటికీ సాలెగూడే బంక. అందుకే మా బూజుకర్ర ఇప్పుడు వసారా దాటి పెరట్లోకి రాదు. ఇంట్లోవాళ్లు దాన్ని నా బద్ధకం ఖాతాలో రాసుకున్నారు.

మొక్కలకు పెద్ద ఖర్చేమీ లేదు. తేనెపిట్టకు ముద్దమందారం కన్నా రేకమందారం మేలు, తేనె సులువుగా అందుతుంది. కరివేపాకు చెట్టును కూరలకే దూసేయకుండా ఒక కొమ్మనైనా పండనివ్వండి. ఆ నల్లటి పండ్ల కోసం పిగిలిపిట్టలు, కోకిలలు వెతుక్కుంటూ వస్తాయి.

ఇక నీళ్లు. లోతైన గిన్నె వద్దు. వెడల్పాటి మట్టి మూకుడులో రెండంగుళాలకు మించకుండా పోసి, నిలబడడానికి మధ్యలో ఒక గరుకు రాయి పెట్టండి. రోజూ కడిగి మార్చకపోతే పిట్టలకు ముందు దోమలు చేరతాయి. ఎగిరి వాలడానికి కొమ్మ దగ్గరలో ఉండాలి, పిల్లి నక్కే పొద మాత్రం మూకుడును ఆనుకుని ఉండకూడదు. ఈ రెండూ కుదిరే చోటు కోసం నేను మూకుడును నాలుగుసార్లు జరిపాను.

మార్గశిరం వస్తోంది. లక్ష్మివారం లక్ష్మీదేవికి చేసే మాణబసా పూజకు మన ఒడియా ఇరుగుపొరుగు కొత్త వరికంకులను జడలా అల్లి గుమ్మానికి కడతారు, ధాన మెంటా అంటారు. మన సంక్రాంతి ధాన్యపు కుచ్చుకు అక్కచెల్లెలే. ఈసారి ఏ కుచ్చు కట్టినా ఒకటి ఎక్కువ కట్టి, దాన్ని పిట్టల కోసం వసారా చూరుకు వేలాడదీయండి. కింద పిల్లి ఎగిరినా అందకూడదు, దగ్గరలో తిరిగే పంకా ఉండకూడదు.