‘ది ఐరన్ జయంట్’ రివ్యూ: ‘అది’ ఎప్పుడు ‘వాడు’ అయ్యాడు?

నమస్కారం అండీ. ఈ వారం మాట్లాడబోయేది పాత సినిమా గురించి. 1999లో వచ్చిన ‘ది ఐరన్ జయంట్’ అనే బొమ్మల సినిమా (యానిమేషన్). మొన్న ఆదివారం మా పాపతో కలిసి మళ్లీ చూశాను. తనకి ఏడేళ్లు, ఈ సినిమా చూడటం ఇదే మొదటిసారి.

కథ 1957లో, అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో ఓ చిన్న ఊళ్లో జరుగుతుంది. రష్యా తన తొలి ఉపగ్రహం స్పుత్నిక్‌ని పైకి పంపిన రోజులవి. ఎప్పుడు ఎక్కడ బాంబు పడుతుందోనని అందరికీ టెన్షన్. బడిలో పిల్లలకి కూడా అణుబాంబు పడితే ఎలా దాక్కోవాలో సినిమా వేసి చూపిస్తుంటారు. ఆ ఊళ్లో హోగార్త్ అనే తొమ్మిదేళ్ల పిల్లాడు ఉంటాడు. నాన్న లేడు, అమ్మ హోటల్లో పనిచేస్తుంది. ఓ రాత్రి అడవిలో కరెంటు తీగల్లో చిక్కుకుని ఒక పెద్ద ఇనుప రోబో గిలగిల్లాడుతుంటుంది. పిల్లాడు భయపడి పరుగు తీస్తాడు. కానీ ఆ అరుపులు వినలేక వెనక్కి వచ్చి స్విచ్ ఆపేస్తాడు.

తర్వాత మళ్లీ కలిసినప్పుడు ఆ రోబో ఏం చేస్తుందో తెలుసా? అదే స్విచ్‌ని తెచ్చి పిల్లాడికి చూపిస్తుంది. నువ్వేగా నన్ను కాపాడింది అని చెప్పడానికి దానికి మాటలు రావు మరి. స్నేహం అక్కడ మొదలవుతుంది. రాయి, చెట్టు అంటూ పిల్లాడు మాటలు నేర్పుతుంటే, అంత పెద్ద ఆకారం బుద్ధిగా కూర్చుని నేర్చుకోవడం చూస్తే ముచ్చటేస్తుంది.

నవ్వించే సీన్లు బోలెడు. రోబో చెయ్యి ఊడిపోయి, కుక్కపిల్లలా ఇంట్లోకి దూరి తిరుగుతుంటుంది. అటు అమ్మ భోజనానికి కూర్చుని దేవుడికి దండం పెట్టుకోమంటోంది. పిల్లాడు ప్రార్థనలోనే ‘దయ్యమా, బయటికి పో’ అన్నట్టు కేకలు పెడుతూ ఆ చేతిని తరమాలని చూస్తాడు. మా పాప పొట్ట పట్టుకుని నవ్వింది.

ఇంకో సీన్ గురించి తప్పకుండా చెప్పాలి. అడవిలో ఓ జింక కనిపిస్తుంది. రోబో ఒక్క వేలు మెల్లగా చాచి దాని ముక్కుని తాకుతుంది. జింక కూడా బెదరదు. కాసేపటికి తుపాకీ పేలుతుంది. వెళ్లి చూస్తే జింక పడి ఉంటుంది. లేస్తుందేమోనని రోబో వేలితో దాన్ని కదిపి చూస్తుంది. సంగీతం పెంచి ఏడిపించే ప్రయత్నమేమీ లేదు. ఆ వేలు ఒక్కటే కదులుతుంది. అప్పటిదాకా ‘అది ఏం తింటుంది, అది ఎక్కడ పడుకుంటుంది’ అని అడుగుతున్న మా పాప, అక్కడ నా చెయ్యి పట్టుకుని ‘నాన్నా, వాడికి తెలీదా?’ అంది. ‘అది’ కాస్తా ‘వాడు’ అయిపోయాడు. నాకైతే సినిమా మొత్తం ఆ ఒక్క మాటలో ఉందనిపించింది. ఎందుకంటే వాడు నిజానికి ఒక ఆయుధం. ఆ సంగతి వాడికీ తెలీదు. తెలిశాక ఏమవ్వాలనుకుంటాడు అన్నదే మిగతా కథ.

దర్శకుడు బ్రాడ్ బర్డ్‌కి ఇది మొదటి సినిమా. తుపాకీకి ఒక ఆత్మ ఉండి, తనకి తుపాకీగా ఉండటం ఇష్టం లేకపోతే? ఈ ఆలోచనతోనే ఆయన ఈ కథ పట్టుకున్నారు. ఆయన అక్క ప్రాణం తీసింది తుపాకీయే. అది తెలిశాక ఆ జింక సీన్ మరోలా కనిపిస్తుంది.

బొమ్మల పనితనం గురించి ఒక్క మాట. మనుషులని చేత్తో గీశారు, రోబోని కంప్యూటర్‌లో చేశారు. కంప్యూటర్ గీత మరీ నున్నగా ఉంటే పక్కనున్న చేతి బొమ్మతో అతకదని, గీత కాస్త వణికినట్టు కనిపించేలా ప్రత్యేకంగా ఏర్పాటు చేశారు. అందుకే ఇప్పటికీ రోబో ఆ అడవిలో పుట్టినవాడిలాగే ఉంటాడు. గొంతు హాలీవుడ్ నటుడు విన్ డీజిల్‌ది. మాటలు కొన్నే, కానీ ఒక్కో మాటా బరువుగా పడుతుంది.

లోపం అంటే, ప్రభుత్వం మనిషి మాన్స్‌లీ పాత్ర. మొదట్నుంచి చివరిదాకా చెడ్డవాడే. ఊరంతా భయపడుతున్న రోజుల్లో అతని భయానికి కూడా ఓ కారణం చూపించి ఉంటే బాగుండేది.

విడుదలైనప్పుడు ప్రచారం సరిగ్గా లేక థియేటర్లలో ఆడలేదు. జనం దీన్ని తర్వాత వీడియోల్లో, టీవీల్లో చూసి ప్రేమించారు.

గంటన్నర కూడా ఉండదు. ఆరేళ్లు దాటిన పిల్లలకి చూపించవచ్చు. చివర్లో ఆయుధాలు, మిసైల్ ఉంటాయి కాబట్టి పక్కన కూర్చోండి. జింక సీన్ వచ్చినప్పుడు మాత్రం ఫార్వర్డ్ చేయకండి, పిల్లలు అడిగితే ఆపి మాట్లాడండి. మేం పది నిమిషాలు ఆపాం. తర్వాత పాపే రిమోట్ తీసుకుని, ‘వాడు ఎదురు చూస్తుంటాడు, పెట్టు’ అంది.