ఒక్క జాడీ, రెండేళ్ల పూలు: లండన్‌లో వాన్ హోయ్‌సుమ్ చిత్రం

అందరికీ నమస్తే అండీ. ట్రఫాల్గర్ స్క్వేర్‌లో నేషనల్ గ్యాలరీకి వచ్చాం. మామూలు ప్రదర్శనకి టికెట్ లేదు. ఫొటోలు తీసుకోవచ్చు, ఫ్లాష్ మాత్రం వద్దు. ఇవాళ ఒక్క బొమ్మే నిదానంగా చూద్దాం: డచ్ చిత్రకారుడు యాన్ వాన్ హోయ్‌సుమ్ వేసిన టెర్రకోట జాడీలో పూలు. ఎత్తు 133 సెంటీమీటర్ల పైనే. ఏ గదిలో ఉందో గ్యాలరీ వెబ్‌సైట్‌లో చూసుకుని రండి.

ముందు సంతకం వెతకండి. దాంతో పాటు 1736, 1737 అని రెండు సంవత్సరాలూ రాసి ఉన్నాయి. తులిప్ వసంతంలో పూస్తుంది, గులాబీ వేసవిలో, ద్రాక్ష పండేది ఆ తర్వాత. ఇవన్నీ ఒకేరోజు ఒకేచోట దొరకవు. చాలామంది విడివిడిగా గీసిపెట్టుకున్న నమూనాల నుంచి గుత్తి కూర్చేవారు. ఈయన మాత్రం తాజా పువ్వు కోసం ఆగేవాడు. పసుపు గులాబీ పూయలేదు కాబట్టి మరో బొమ్మ పూర్తికాలేదని 1742లో ఒక ఉత్తరంలో రాశాడు కూడా.

ఇప్పుడు రేకుల దగ్గరకి రండి. కుంచె జాడ కనపడదు. అడుగున దళసరి లేతరంగు వేసి, అది ఆరాక నూనె కలిపిన పలుచటి పారదర్శక రంగు పొరలు పొరలుగా వేస్తారు. దీన్నే గ్లేజ్ అంటారు. వెలుతురు పై పొర దాటి అడుగు రంగుని తాకి వెనక్కి వస్తుంది, అందుకే రెండు రంగుల పోగులతో నేసిన పట్టులా రేకు లోపలినుంచి మెరుస్తుంది. తొందరపడితే పని చెడుతుంది: అడుగు పొర పచ్చిగా ఉండగానే పైది వేస్తే రంగులు కలిసి మురికిగా తేలతాయి, తర్వాత పగుళ్లిస్తాయి. నీటిబొట్టు వేసే కిటుకూ ఇక్కడే ఉంది. వెలుతురు వచ్చే వైపు ఒక తెల్లచుక్క, బొట్టు లోపల దానికి ఎదురువైపు లేత కాంతి, బయట సన్నని నీడ. ఆ ఎదురువైపు కాంతి మరిస్తే నీరు కాస్తా గట్టి పూస అవుతుంది.

ఆ కాలపు పూల బొమ్మల్లో కొన్ని ఆకులు నీలంగా ఉంటాయి. అలా వేయలేదండీ. ఆకుపచ్చ కోసం నీలం మీద మొక్కల నుంచి తీసిన పసుపు పూసేవారు. వెలుతురుకి ఆ పసుపు వెలిసిపోయి నీలం మిగిలింది.

ఇక అర్థాల సంగతి. వాడిన పువ్వు అంటే మృత్యువు, సీతాకోకచిలుక అంటే ఆత్మ, గూట్లో గుడ్లంటే కొత్త ప్రాణం అని గైడ్లు పట్టిక చదువుతారు. ఆ సంప్రదాయం నిజమే, కానీ 1730ల నాటికి ఇవి శ్రీమంతులు కళ్లపండువగా చూసుకోవడానికి కొనే బొమ్మలు. ఒక్కో వస్తువుకీ ఒక్కో అర్థం అతికించేకంటే, కాలాన్ని ధిక్కరించే ఆ అసాధ్యపు గుత్తినే అసలు అర్థంగా తీసుకోవడం నాకు సబబనిపిస్తుంది.

డచ్ బొమ్మల్లో చారల తులిప్ కనిపిస్తే కాసేపు ఆగండి. 1637లో ధరలు కుప్పకూలేదాకా జనం ఎగబడి కొన్నది ఆ రకాలనే. ఆ చారలకి కారణం పేనుబంక వల్ల వ్యాపించే వైరస్ అని 1928లో గానీ తేలలేదు. అందం తెచ్చిన ఆ తెగులే దుంపని ఏటేటా బలహీనపరిచేది.