రావలసిన జీతం ఏ రాశిలో ఉంది?

(ఒడిశాలోని గుణుపురంలో తెలుగువారి ఉగాది సభలో ఒక మాజీ మిల్లు కార్మికుడి ప్రసంగం)

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు ఇందాకే రెండుసార్లు చదివారు, నేను మళ్ళీ చదవను. పంతులుగారు పన్నెండు రాశులకూ ఆదాయ వ్యయాలు చెప్పారు. రావలసిన జీతం మాత్రం ఏ రాశిలోనూ వినపడలేదు. అందుకే దాని గురించి మాట్లాడతాను.

జీతం బకాయి ఉంటే ఎవరికి వారు వకీలు దగ్గరికి పరుగెత్తకండి. దానికి సివిల్ కోర్టులో దావా నడవదు. 2019 నాటి వేతన కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం ఎంతమంది తరఫునైనా ఒకటే దరఖాస్తు చాలు, గడువు మూడేళ్ళు. ఇచ్చేశామని రుజువు చేసుకోవాల్సింది యజమానే.

మా గొడవ వేరు. ఇళ్ళ స్థలాలిస్తామని మా దగ్గర నెలనెలా డబ్బు కట్టించుకున్నారు. అది సివిల్ దావా. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో, అంటే సివిల్ దావాలు నడిపే పద్ధతి చెప్పే చట్టంలో, ఒకటో ఆర్డరు, ఎనిమిదో రూలు ఉంది. కోర్టు అనుమతితో ఒకరిద్దరే అందరి తరఫునా దావా వేయొచ్చు. మిగతావాళ్ళకు నోటీసో, పేపరు ప్రకటనో ఇవ్వాలి, ఖర్చు మనదే. కోర్టు ఒప్పుకోకుండా రాజీ కూడా చెల్లదు. మా వకీలు గారు ఇదేదీ చెప్పలేదు. అందరినీ వాదులుగా వరసపెట్టి రాసేశారు.

ఆ తర్వాత చావులు మొదలయ్యాయి. వాది పోతే 90 రోజుల్లో వారసులను చేర్చమని అర్జీ పెట్టాలి. లేకపోతే అతని వరకూ దావా పోయినట్టే. పోయిన మా వాడొకడి భార్య పాలకొండలో పుట్టింట్లో ఉంది, కొడుకు సూరత్‌లో. ఎవరు చెప్తారు వాళ్ళకి? ఆలస్యానికి కారణం చూపి మళ్ళీ తెరిపించవచ్చు, నిజమే. దానికి ఇంకో అర్జీ, ఇంకో వాయిదా, ఇంకో ఫీజు.

పేర్ల తలనొప్పి సరేసరి. మిల్లు రిజిస్టర్లో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరం. ఆధార్లో పూర్తిగా ఉంది. ఒడియా ఓటరు కార్డులో చివరి ‘రావు’ ఎగిరిపోయింది. బోనులో నిలబెట్టి ‘ఈ ముగ్గురూ నువ్వేనా?’ అని అడిగితే మా వాడు భయపడి ‘కాదు బాబూ, నేనొక్కడినే’ అన్నాడు. నవ్వకండి! ఆ మాట రికార్డులోకి ఎక్కింది.

వెనకున్న తమ్ముడూ, ఫోన్ పక్కన పెట్టు, ఇది మీ నాన్న సొమ్ము సంగతే. ఇంటికెళ్ళి ట్రంకు పెట్టె తియ్యి. జీతం చీటీలు, కట్టిన రసీదులు, గేటు పాసు, ఏది దొరికినా జిరాక్స్ తీయించి యూనియన్ ఆఫీసుకు తీసుకురా. ఒరిజినల్స్ ఎవరి చేతికీ ఇవ్వకు, నా చేతికి కూడా.